బోను కంటే ముందు కన్నం

ఇంట్లో ఎలుక కనిపించిన రాత్రి ఎవరికైనా తట్టే మొదటి ప్రశ్న దాన్ని ఎలా పట్టాలన్నదే. చంపడానికి చేతులు రానివాళ్లు బోను తెస్తారు. పట్టి వదిలే ఓపిక లేనివాళ్లు జిగురు అట్ట పరుస్తారు. కళ్లెదుట చావు చూడలేనివాళ్లు మందు పెట్టి తలుపు వేసుకుంటారు. ఈ మూడు నిర్ణయాల వెనకా ఉన్న కొలత ఒకటే: మనిషి కంటికి ఏది తక్కువ ఇబ్బంది? ఎలుక పడే బాధ ఆ లెక్కలోకి రాదు. కంటపడని యాతనను అసలు యాతనే కాదనుకోవడం వల్ల, దయగలవిగా చలామణి అవుతున్న పద్ధతుల్లో కొన్ని నిజానికి చాలా క్రూరమైనవి. చూడడానికి క్రూరంగా కనిపించే ఒక పాత పరికరం వాటికంటే ఎంతో నయం.

ఏ పద్ధతినైనా మూడు ప్రశ్నలతో తూచవచ్చు. ఆ ప్రాణి ఎంతసేపు బాధపడుతుంది? దానితోపాటు ఇంకెవరికి హాని జరుగుతుంది? ఇదే పని మళ్లీ ఎన్నాళ్లకు చేయాల్సి వస్తుంది? మొదటి రెండూ ఎవరైనా అడిగేవే. మూడోది అడిగేవారు అరుదు. తేడా అంతా అక్కడే ఉంది. పట్టిన ప్రతి ఎలుకనూ ఎంత సున్నితంగా వదిలినా, ఏడాది పొడవునా కొత్తవి పడుతూనే ఉంటే ఆ ఇంట్లో దయ పేరుతో జరుగుతున్నది అంతులేని వేట.

ఎందుకంటే ఈ ప్రాణి పెరిగే తీరు అలాంటిది. ఇళ్లలో తిరిగే చిట్టెలుక బరువు దాదాపు 15 నుంచి 20 గ్రాములు. గర్భకాలం సుమారు 20 రోజులు. ఈతకు మామూలుగా 5 నుంచి 8 పిల్లలు. ఆ పిల్లలు ఆరు వారాలకల్లా ఈడుకు వస్తాయి. తిండికీ చోటుకూ లోటు లేకపోతే ఒక్క ఆడ ఎలుక ఏడాదిలో అయిదు నుంచి పది ఈతలు ఈనగలదు. అలాంటప్పుడు ఒక్కొక్కదాన్నీ తీసేస్తూ పోతే ఖాళీ అయిన చోటును మిగిలినవి నింపేస్తాయి. 1940లలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ డేవిస్ తదితరులు ఈ విషయాన్ని వీధుల్లోనే పరిశీలించి చూపించారు. వాళ్లు చూసింది పెద్ద ఎలుకలను. అయినా తర్కం చిట్టెలుకకూ వర్తిస్తుంది. చంపి తగ్గించిన చోట్ల సంఖ్య కొంతకాలానికి మళ్లీ పాత స్థాయికి చేరింది. తిండీ, దాగే చోటూ తగ్గించిన చోట్ల మాత్రం తగ్గుదల నిలబడింది. ఎలుకల సంఖ్యను నిర్ణయించేది బోనుల సంఖ్య కాదు, ఆ చోటు ఎన్నింటిని పోషించగలదన్నదే.

ఈ సావాసం నిన్నమొన్నటిది కూడా కాదు. పశ్చిమాసియాలోని లెవాంత్ ప్రాంతంలో మనుషులు వ్యవసాయం మొదలుపెట్టకముందే, ఒకేచోట ఎక్కువ కాలం ఉండడం అలవాటైన సుమారు 15,000 ఏళ్ల కిందటే, చిట్టెలుక వాళ్ల నివాసాల్లో చేరిందని అక్కడి తవ్వకాల్లో దొరికిన ఎలుక పళ్లు చెబుతున్నాయి. మనిషి పంట పండించకముందే అతని ఇంట్లో అద్దె లేకుండా కాపురం పెట్టిన జీవి ఇది. పది బోనులకు భయపడి పోతుందనుకోవడం అత్యాశే.

ఇంత చిన్న ప్రాణికి బాధ తెలుస్తుందా అనే సందేహం కొందరికి ఉంటుంది. దానికి జవాబు ఎప్పుడో దొరికింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2006లో ఒక సంగతి బయటపెట్టారు. తనతో కలిసి పెరిగిన ఎలుక నొప్పితో మెలికలు తిరగడం చూసిన చిట్టెలుకకు తన నొప్పి కూడా ఎక్కువవుతుంది. ముక్కూమొహం తెలియని ఎలుకను చూస్తే అలా జరగదు. 2010లో అదే విశ్వవిద్యాలయం నుంచి నొప్పిలో ఉన్న ఎలుక ముఖం ఎలా మారుతుందో కొలిచే పట్టిక వచ్చింది. కళ్లు చికిలిస్తుంది, ముక్కూ బుగ్గలూ ఉబ్బుతాయి, చెవులు వెనక్కి వాలుతాయి, మీసాలు బిగుసుకుంటాయి. ప్రయోగశాలల్లో ఎలుకలకు నొప్పి మందు అవసరమా అన్నది తేల్చడానికి ఇప్పుడు ఈ పట్టికను వాడుతున్నారు. ప్రయోగశాలలో బాధ ఉన్న ప్రాణికి వంటగదిలో బాధ లేకుండా పోదు.

ఇక్కడ జిగురు అట్ట సంగతి కాస్త దగ్గరగా చూడాలి. అట్ట మీద ముందుగా అంటుకునేది ఒక్క పాదమే. దాన్ని లాక్కునే ప్రయత్నంలో రెండోది, తర్వాత పొట్ట, మీసాలు, ఒక్కోసారి ముక్కు అంటుకుంటాయి. పెనుగులాటలో చర్మం చిరుగుతుంది, కాళ్లు విరుగుతాయి. బయటపడడానికి తన కాలును తానే కొరుక్కునే సందర్భాలూ ఉన్నాయి. చావు వెంటనే రాదు. ఎవరూ తీయకపోతే దాహంతో, అలసటతో, ముక్కు మూసుకుపోయి ఊపిరాడక గంటల తరబడి, ఒక్కోసారి రోజుకు పైగా సాగుతుంది. చాలా ఇళ్లలో ఆ తర్వాత జరిగేది అట్టను మడిచి, ప్రాణం ఉండగానే చెత్తబుట్టలో వేయడం. బల్లులు, చిన్న పక్షులు కూడా ఇందులో చిక్కుతాయి. న్యూజిలాండ్ 2015 నుంచి వీటి అమ్మకాన్నీ వాడకాన్నీ కట్టడి చేసింది. వేల్స్ 2023 అక్టోబరు నుంచి పూర్తిగా నిషేధించింది. ఇంగ్లండ్‌లో 2022లో చేసిన చట్టం 2024 జులై 31న అమల్లోకి వచ్చింది. లైసెన్సు ఉన్న నిపుణులు తప్ప మామూలు మనుషులు వాడితే అక్కడ నేరం. మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఈ అట్ట దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పటికే ఎలుక అంటుకుని ఉంటే, మందపాటి చేతితొడుగులు వేసుకుని, ముక్కూ నోరూ తప్పించి, అంటుకున్న చోట కొద్దికొద్దిగా వంటనూనె పోస్తూ మెల్లగా విడిపించవచ్చు. విడిపించిన వెంటనే మెత్తటి గుడ్డతో నూనె అద్దేయాలి. ఒళ్లు తడిగా ఉంటే అంత చిన్న ప్రాణి చలికి తట్టుకోలేదు.

మందు విషయంలో మోసం ఇంకా సూక్ష్మంగా ఉంటుంది, ఎందుకంటే అది కనిపించదు. నేడు ఎక్కువగా అమ్మే ఎలుకల మందులు రక్తం గడ్డకట్టకుండా చేసే రకం. ఈ కుటుంబంలో మొదట పేరు పొందిన వార్ఫరిన్‌ను అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తయారుచేశారు. 1948లో అది ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది. ఇప్పుడు మనుషుల గుండె జబ్బుల్లో డాక్టర్లు రాసే వార్ఫరిన్ కూడా ఇదే. తర్వాత వచ్చిన బ్రోడిఫాకమ్, బ్రోమాడియోలోన్ వంటివి అంతకంటే చాలా శక్తిమంతమైనవి. తిన్న ఎలుక ఆ రాత్రే చావదు. కొన్ని రోజులపాటు లోలోపల రక్తం కారుతూ నీరసించి చస్తుంది. ఆ ఆలస్యమే ఈ మందుల బలం. తిన్న వెంటనే కడుపులో తిప్పితే ఎలుక ఆ ఎరను మళ్లీ ముట్టదు కాబట్టి, బాధకూ తిండికీ ముడి పడనివ్వని ఈ ఎడం మందుకు కలిసొస్తుంది. వ్యాపారపరంగా లాభమే, ఎలుక వైపు నుంచి చూస్తే మాత్రం రోజుల తరబడి శిక్ష.

పైగా ఆ విషం ఎలుకతో ఆగదు. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జంతుప్రదర్శనశాల నుంచి 2023 ఫిబ్రవరిలో తప్పించుకున్న ఫ్లాకో అనే గుడ్లగూబ ఏడాదిపాటు నగరమంతా తిరుగుతూ ఎలుకలను వేటాడి బతికింది. 2024 ఫిబ్రవరిలో చనిపోయాక దాని శరీరంలో పావురాల నుంచి సోకిన వైరస్‌తోపాటు నాలుగు రకాల ఎలుకల మందుల జాడ దొరికింది. బ్రోడిఫాకమ్ వంటి రెండో తరం మందుల వాడకాన్ని చాలావరకు ఆపుతూ కాలిఫోర్నియా 2020లో చట్టం చేయడానికి ఇలా వన్యప్రాణులకు చేరుతున్న విషమే కారణం. ఇంట్లో కుక్క, పిల్లి, పాకే వయసు పిల్లలు ఉంటే ప్రమాదం ఇంకా దగ్గరిది. వీళ్లలో ఎవరైనా మందు తిన్నారన్న అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ప్యాకెట్ వెంట పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లాలి. ఈ రకం మందుకు విటమిన్ కె1 విరుగుడుగా పనిచేస్తుంది, కానీ సకాలంలో అందాలి. చివరికి మందు పని కూడా అంత నమ్మకమైనది కాదు. స్పెయిన్, జర్మనీల్లో కొన్ని చిట్టెలుకలు అల్జీరియా ఎలుక అనే వేరే జాతితో కలిసి, దాని నుంచి విషాన్ని తట్టుకునే జన్యువును సంపాదించుకున్నాయని 2011లో తేలింది. గోడ లోపల ఎక్కడో చచ్చిన ఎలుక వాసన వారాల తరబడి వదలకపోవడం అనుభవించినవాళ్లకు ఈ వాదనలేవీ అక్కర్లేదు.

మిగతా చిట్కాలను త్వరగా దాటేయవచ్చు. పిల్లిని పెంచితే సరిపోతుందనేది పాత సలహా. అది ఎలుకలు పట్టవచ్చు, పట్టకపోనూ వచ్చు. పట్టినా పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. దాన్ని దయ అనలేం. చెవికి వినపడని శబ్దంతో ఎలుకలను తరిమేస్తామనే ప్లగ్ యంత్రాల గురించి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో 60కి పైగా తయారీదారులనూ అమ్మకందారులనూ హెచ్చరించింది. శాస్త్రీయ ఆధారం లేకుండా గొప్పలు చెప్పవద్దన్నది దాని సారాంశం. ఆ శబ్దం గోడనూ బీరువానూ దాటలేదు, వినగా వినగా ఎలుకకూ అలవాటైపోతుంది. పుదీనా నూనె ఘాటు కొన్ని రోజుల్లో ఆరిపోతుంది. నాఫ్తలీన్ ఉండలు ఎలుకల కంటే ముందు ఇంట్లో మనుషుల ఆరోగ్యానికి చేటు చేస్తాయి.

ఇక అసలు పని కన్నం దగ్గర ఉంది. చిట్టెలుక దూరడానికి సుమారు 6 మిల్లీమీటర్ల సందు చాలు. పెన్సిల్ పట్టే చోట పుర్రె పడితే మిగతా ఒళ్లు కుదించుకుని వచ్చేస్తుంది. ఇంత చిన్న సందు ఇంట్లో ఎక్కడెక్కడ ఉందో పగటిపూట నిలబడి చూస్తే కనబడదు. రాత్రి లైట్లు ఆర్పి, నేల మీదకు వంగి, టార్చి వెలుగును గోడ వెంట అడ్డంగా వేస్తే కనబడుతుంది. వంటగది సింకు కింద తలుపు తీసి, నీళ్ల పైపు గోడలోకి వెళ్లే చోట చూడాలి. పైపు కంటే కన్నం పెద్దగా కొట్టి, మిగిలిన సందును ఎవరూ పూడ్చకుండా వదిలేసిన దృశ్యం చాలా ఇళ్లలో అక్కడే దొరుకుతుంది. ఆ సందు అంచున నల్లగా, జిడ్డుగా మరక ఉంటే ఎలుక రోజూ ఒళ్లు రాసుకుంటూ వెళ్లే దారి అదే. గ్యాసు పైపు, ఏసీ పైపు, కరెంటు, కేబుల్ వైర్లు లోపలికి వచ్చే చోట్లు, తలుపు కింది సందు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రం, కప్పు గోడను కలిసే అంచు, జాలీ ఊడిన నీటి తూము తర్వాత చూడాల్సినవి.

దారి తెలియకపోతే అనుమానం ఉన్న చోట్ల రాత్రి పడుకునే ముందు పలచగా టాల్కం పౌడరు చల్లాలి. తెల్లారేసరికి అడుగుల గుర్తులు ఎటు నుంచి ఎటు వెళ్లాయో చెబుతాయి. చిట్టెలుక గూటి నుంచి చాలా దూరం పోదు. తిండి బాగా దొరికే ఇంట్లో మామూలుగా 3 నుంచి 10 మీటర్ల లోపే తిరుగుతుంది. కాబట్టి పెంటికలు ఎక్కువగా ఎక్కడ ఉంటే గూడు అక్కడికి దగ్గరలోనే ఉన్నట్టు. పెంటికలు బియ్యపు గింజ అంతో ఇంకా చిన్నగానో ఉంటే చిట్టెలుకవి. సెంటీమీటరు దాటి లావుగా ఉంటే పెద్ద ఎలుకవి. ఈ తేడా ముందే తెలుసుకోవడం మంచిది. చిట్టెలుకకు కొత్త వస్తువంటే కుతూహలం, పెట్టిన రాత్రే వచ్చి చూస్తుంది. పెద్ద ఎలుక అనుమానంతో రోజుల తరబడి దూరంగా ఉంటుంది. ఒకదానికి పనిచేసే ఏర్పాటు రెండోదానికి పనిచేయదు.

కన్నం పూడ్చడానికి ఏది పడితే అది పనికిరాదు. ఎలుక ముందు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. అరగదీసుకోవడానికి అది కొరుకుతూనే ఉండాలి. చెక్క, ప్లాస్టిక్, రబ్బరు, డబ్బాలోంచి చిమ్మే ఫోమ్ దాని పళ్లకు పెద్ద అడ్డు కాదు. స్టీలు పీచును సందులోకి గట్టిగా కూరి, పైన సిమెంటుతోనో సీలెంట్‌తోనో మూస్తే నిలుస్తుంది. పెద్ద రంధ్రాలకు 6 మిల్లీమీటర్లు మించని కన్నులున్న ఇనుప జాలీ బిగించాలి. తడి తగిలే చోట మామూలు స్టీలు పీచు తుప్పు పడుతుంది కాబట్టి అక్కడ తుప్పు పట్టని రకమో రాగి పీచో వాడాలి. తలుపు కిందికి లోహపు పట్టీ ఉన్న బ్రష్ బిగిస్తే సగం రాకపోకలు ఆగిపోతాయి.

తిండి సంగతి దీనికి జోడీ. చిట్టెలుకకు రోజుకు సుమారు 3 గ్రాములు చాలు. నీళ్లు కూడా చాలావరకు తిండిలోని తేమ నుంచే సరిపెట్టుకోగలదు. ఇల్లు శుభ్రంగా ఉంది కదా అనుకునేవాళ్లు ఈ అంకెను గుర్తుపెట్టుకోవాలి. పొయ్యి వెనక రాలిన గింజలు, పెంపుడు జంతువు గిన్నెలో రాత్రంతా మిగిలిన తిండి, పక్షులకు చల్లిన గింజల్లో నేల రాలినవి, ఇవి ఒక కుటుంబాన్ని పోషించగలవు. ఎలుక కొరకలేని గాజు, లోహపు డబ్బాలే దీనికి మందు. అట్టపెట్టెలు, పాత కాగితాలు, మూలన పడేసిన బట్టలు తిండి కాకపోయినా గూడు కట్టుకునే సరంజామా. వాటిని తీసేస్తే గూడూ పోతుంది.

అన్ని కన్నాలూ ఒకేసారి మూస్తే లోపలున్నవి లోపలే చిక్కుతాయి. అందుకే వరుస ముఖ్యం. ముందు దారులన్నీ కనిపెట్టి, ఒకటి రెండు తప్ప మిగతావి మూసి, లోపలున్నవాటిని బయటికి పంపాక చివరి దారి మూయాలి. ఇప్పుడే బోను అవసరం వచ్చేది. ఎలుక గోడను ఆనుకుని నడుస్తుంది కాబట్టి ప్రాణాలతో పట్టే బోనును గది మధ్యలో కాకుండా గోడ వెంట పెట్టాలి. లోపల చిటికెడు తిండి, కాస్త దూది, తేమ కోసం ఒక పండు ముక్క ఉంచాలి. ఇంత చిన్న శరీరం వేడిని త్వరగా కోల్పోతుంది. ఆకలి, చలి, భయం కలిస్తే బోనులోనే చచ్చిపోతుంది. పొద్దునా సాయంత్రమూ తప్పక చూడాలి. రాత్రి ఆలస్యంగా మరోసారి చూస్తే ఇంకా మంచిది. ఊరికి వెళ్తూ తెరిచి ఉంచిన బోను జిగురు అట్ట కంటే పెద్ద మెరుగేమీ కాదు.

వదిలే చోటు గురించి ఉన్నన్ని అపోహలు దేని గురించీ లేవు. ఊరి బయట పచ్చటి చోట వదిలేస్తే హాయిగా బతుకుతుందనుకుంటారు. ఇది ఇళ్లకు అలవాటుపడ్డ జీవి. ముక్కు గుర్తుపట్టని చోట, తిండి ఎక్కడుందో దాక్కునే సందు ఎక్కడుందో తెలియక, గుడ్లగూబకో పాముకో చలికో బలయ్యే అవకాశమే ఎక్కువ. మరొకరి పెరట్లో వదిలితే బాధ చేతులు మారుతుందంతే. ఇంటికి కన్నాలన్నీ మూసి ఉంటే, ఇంటి పరిసరాల్లోనే దాదాపు 100 మీటర్ల లోపు, చీకటి పడే వేళ, పొదో రాళ్ల గుట్టో ఉన్న చోట వదలడం దానికి ఎక్కువ మేలు. తెలిసిన చోటు కాబట్టి బతుకుతుంది. ఇంట్లోకి దారి లేదు కాబట్టి తిరిగి రాదు. కన్నాలు మూయకుండా ఇలా వదిలితే మాత్రం బోను ఖాళీ అయ్యేలోపే అది మళ్లీ వంటగదిలో ఉంటుంది. పట్టిన ఎలుకలను వదలడంపై కొన్ని దేశాల్లో ఆంక్షలున్నాయి, వాటినీ చూసుకోవాలి.

ఇంకో చిక్కు పిల్లలది. పట్టిన ఎలుక పొట్ట కింద రొమ్ములు స్పష్టంగా కనిపిస్తుంటే అది పాలిచ్చే తల్లి. దూరం తీసుకెళ్లి వదిలితే గూట్లో పిల్లలు ఆకలితో చస్తాయి. పుట్టిన రెండు వారాలకు గానీ అవి కళ్లు తెరవవు. దాదాపు మూడు వారాలకు పాలు మానతాయి. గూడు ఎక్కడుందో తెలిస్తే తల్లిని అక్కడే వదిలి, మూడు వారాలు ఆగి మళ్లీ పట్టడమే సరైన పని. అంత ఓపిక అందరికీ ఉండకపోవచ్చు, కానీ బోను కొన్న ఉద్దేశం ప్రాణం తీయకూడదనే అయితే ఈ మూడు వారాలు కూడా అందులో భాగమే.

బోనులో పడ్డ ఎలుకను బకెట్ నీళ్లలో ముంచడం చాలాచోట్ల అలవాటు. అమెరికా పశువైద్య సంఘం అనాయాస మరణంపై ఇచ్చిన మార్గదర్శకాల్లో నీట ముంచడం ఆమోదయోగ్యం కాదని ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో అయితే బోనులో చిక్కిన ప్రాణి మనిషి అదుపులోకి వచ్చినట్టే. ఆపైన దానికి అనవసరమైన బాధ కలిగిస్తే 2006 నాటి జంతు సంక్షేమ చట్టం కింద నేరమవుతుంది.

చంపక తప్పని పరిస్థితి కూడా ఉంటుంది. ఆసుపత్రులు, పెద్ద వంటశాలలు, రోగనిరోధక శక్తి తగ్గిన మనిషి ఉన్న ఇల్లు, అప్పటికే డజన్ల కొద్దీ ఎలుకలు చేరిన చోటు అలాంటివి. అక్కడ బలమైన స్ప్రింగు ఉన్న పాతకాలపు కొట్టుడు బోను నయం. మెడ మీదో తల మీదో సరిగ్గా పడితే క్షణాల్లో ప్రాణం పోతుంది. చప్పుడుకు ఉలిక్కిపడేది మనిషి. రోజుల తరబడి సాగే మందుతో, గంటల తరబడి సాగే జిగురుతో పోలిస్తే ఎలుక వైపు నుంచి ఇది చాలా తక్కువ బాధ. స్ప్రింగు వదులైన చవక రకాలు కాలో తోకో పట్టి బతికుండగానే హింసిస్తాయి కాబట్టి వాటిని కొనకూడదు. గోడకు అడ్డంగా, ఎర ఉన్న కొస గోడ వైపు ఉండేలా, పిల్లల చేతులు దూరని పెట్టెలో పెట్టి, రోజూ చూడాలి. వన్యప్రాణుల నియంత్రణపై వివిధ దేశాల నిపుణులు 2017లో ప్రచురించిన సూత్రాల్లో కూడా మొదటిది మనుషులు తమ పద్ధతులను మార్చుకోగలరేమో చూడడం. చంపడం ఆ తర్వాతి మాట.

ఎలుకలు పోయాక మిగిలిన మురికిని పొడిగా ఊడ్చకూడదు, వాక్యూమ్ క్లీనర్ పెట్టకూడదు. పెంటికల దుమ్ముతోపాటు సూక్ష్మజీవులు గాలిలోకి లేస్తాయి. ఒక వంతు బ్లీచ్‌ను తొమ్మిది వంతుల నీళ్లలో కలిపి, గది కిటికీలు తెరిచి, చేతితొడుగులతో మురికి మీద చల్లి, అయిదు నిమిషాలు నానాక తుడిచి కాగితాన్ని సంచిలో మూటకట్టి పారేయాలి. చిట్టెలుకల నుంచి సోకే ఎల్‌సీఎం వైరస్ కడుపులోని బిడ్డకు ప్రమాదకరం కాబట్టి గర్భిణులు ఈ పని చేయకూడదు.

తర్వాత రెండు వారాలపాటు పాత దారుల్లో పౌడరు చల్లి చూడాలి. ఒక్క అడుగు గుర్తూ లేకపోతే పని ముగిసినట్టే. గుర్తు పడితే బోను సంఖ్య పెంచడం కాదు, చూడకుండా వదిలేసిన సందు వెతకాలి. ఇంట్లో కొత్త పైపు వేసినా, కేబుల్ లాగినా, ఏసీ బిగించినా గోడలో పడే కన్నం చుట్టూ ఉన్న సందును ఆ పనివాడు వెళ్లేలోపే అతని చేతనే పూడ్పించుకోవాలి.